బొమ్మ ధర వేరు, బొమ్మ మీద హక్కు ధర వేరు

1988 ఫిబ్రవరిలో జర్మనీలోని న్యూరెంబర్గ్ ఆటవస్తువుల ప్రదర్శన జరుగుతున్నప్పుడు పదిమందికి పైగా గేమ్ డిజైనర్లు ఒకచోట కూర్చుని, బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద ఒక వాక్యం రాశారు. డబ్బా పైన తన పేరు వేయకపోతే మాలో ఎవరూ ఏ పబ్లిషర్‌కీ ఆట ఇవ్వబోమన్నది దాని సారాంశం. కింద అందరూ సంతకాలు పెట్టారు. అప్పటిదాకా డబ్బా మీద కంపెనీ పేరే తప్ప ఆట కనిపెట్టిన మనిషి పేరు ఉండటం అరుదు. మూడేళ్లకి, 1991లో, అక్కడి డిజైనర్లు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. ఇవాళ బోర్డ్ గేమ్ ఆడేవాళ్లు డిజైనర్ పేరు చూసి డబ్బా కొంటున్నారంటే ఆ అట్టముక్క పుణ్యం చాలానే ఉంది.

అయితే ఆ వాక్యం ఆట కనిపెట్టినవాళ్ల గురించి రాసింది. ఆ ఆటకి బొమ్మలు వేసినవాళ్ల గురించి కాదు. వాళ్ల లెక్క ఇప్పటికీ తేలలేదు.

టేబుల్‌టాప్ ఆటలంటే బోర్డ్ గేములు, కార్డ్ గేములు, ఆడేవాళ్లు తలో పాత్రగా మారి కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి రోల్ ప్లేయింగ్ గేములు. వీటిలో ఆర్టిస్టుకి న్యాయమైన చెల్లింపు గురించి మాట్లాడితే చర్చంతా సాధారణంగా "ఒక బొమ్మకి ఎంతిస్తున్నారు" దగ్గరే ఆగిపోతుంది. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడ లేదు. బొమ్మ వేసినందుకు ఇచ్చే కూలి ఒకటి, ఆ బొమ్మ మీద హక్కు తీసుకున్నందుకు ఇవ్వాల్సిన ధర ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా కాంట్రాక్టులో రాసేస్తున్నారు. ఆ అంకెలో ఏది ఎంతో ఎవరికీ తెలియదు. అన్యాయం దాక్కునే చోటు అదే.

ముందు ఒక విచిత్రం చూడాలి. ఆట నడిచే పద్ధతికి కాపీరైట్ లేదు. అమెరికా చట్టం ఈ మాట సూటిగా చెబుతుంది: ఆలోచనకి, పద్ధతికి, విధానానికి రక్షణ ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుంది. మీరు కనిపెట్టిన ఆటలో ముక్కలు ఎలా కదులుతాయో, పాయింట్లు ఎలా వస్తాయో చూసి, అదే పద్ధతిని వేరే మాటల్లో రాసుకుని, వేరే బొమ్మలు వేయించుకుని ఇంకొకరు అమ్ముకోవచ్చు. పేటెంట్ అనే దారి ఉంది కానీ ఖర్చు ఎక్కువ, కాలపరిమితి తక్కువ, చిన్న పబ్లిషర్లు ఆ జోలికి పోరు. మరి డబ్బాలో చట్టం గట్టిగా కాపాడేది ఏమిటి? ట్రేడ్‌మార్క్‌గా ఆట పేరు, రూల్ బుక్‌లోని వాక్యాలు, అన్నిటికంటే ముఖ్యంగా బొమ్మలు. ఒక మనిషి వేసిన బొమ్మకి ఆ మనిషి జీవితకాలం, ఆపైన 70 ఏళ్లు రక్షణ ఉంటుంది. కంపెనీ తరఫున తయారైనట్టు లెక్కించే బొమ్మకైతే ప్రచురణ నుంచి 95 ఏళ్లు.

అంటే పబ్లిషర్ చేతిలో ఉన్న ఆస్తిలో చట్టపరంగా అతి గట్టిది ఆర్టిస్టు ఇచ్చింది. కానీ చెల్లింపు సంప్రదాయం తలకిందులుగా ఉంది. డిజైనర్‌కి పబ్లిషర్ రాబడిలో కొద్ది శాతం రాయల్టీగా వస్తుంది, అమ్ముడైన ప్రతి కాపీ మీదా వాటా ఉంటుంది. ఆర్టిస్టుకి ఎక్కువ సందర్భాల్లో గుత్త బేరం. ఒకసారి డబ్బు ఇస్తారు, ఆట పది కాపీలు అమ్ముడైనా పది లక్షలు అమ్ముడైనా అంతే. డిజైనర్ల వాటాని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, అది వాళ్ల కష్టానికి దక్కిందే. కాకపోతే ఆ వాటా చట్టం పెట్టిన భిక్ష కాదు. పట్టుబట్టి, కలిసికట్టుగా నిలబడి తెచ్చుకున్న ఆనవాయితీ.

ఇక కాంట్రాక్టు దగ్గరికి వద్దాం. వాటిలో తరచూ కనిపించే ఒక వాక్యం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: "ఈ పని వర్క్ ఫర్ హైర్‌గా పరిగణించబడుతుంది. ఒకవేళ చట్టప్రకారం అలా కాని పక్షంలో, దీని మీద సమస్త హక్కులూ, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా కంపెనీకి బదిలీ అవుతాయి."

ఈ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు ఏర్పాట్లున్నాయి, అవి రెండూ ఒకటి కావు. వర్క్ ఫర్ హైర్ అంటే చట్టం దృష్టిలో ఆ బొమ్మకి కర్త ఆర్టిస్టు కాదు, కంపెనీ. హక్కు చేతులు మారలేదు, మొదటి నుంచీ కంపెనీదే. ఉద్యోగి వేసిన బొమ్మకి ఇది సహజంగా వర్తిస్తుంది. బయటివాళ్ల చేత వేయించుకున్న బొమ్మకి మాత్రం అమెరికా చట్టం షరతులు పెట్టింది. 1978 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం ప్రకారం ఆ పని తొమ్మిది నిర్దిష్ట రకాల్లో ఒకటై ఉండాలి, ఇద్దరూ సంతకం పెట్టిన రాతపత్రమూ ఉండాలి. ఒక కార్డు మీద బొమ్మ ఆ తొమ్మిదింటిలో దేని కిందికి వస్తుందన్నది వాదనకి ఆస్కారమున్న విషయమే. అందుకే లాయర్లు "ఒకవేళ కాని పక్షంలో" అని రెండో తాళం కూడా వేస్తారు. ఆ రెండోది బదిలీ. కర్త ఆర్టిస్టే, కానీ హక్కులు రాసిచ్చేశారు.

తేడా వల్ల ఏం ఒరుగుతుందంటే, బదిలీ చేసిన హక్కుని 35 ఏళ్ల తర్వాత వెనక్కి తీసుకునే అవకాశం అదే చట్టంలో ఉంది. ముందుగా నోటీసు ఇవ్వాలి, కొన్ని గడువులు పాటించాలి. ఆ అవకాశాన్ని కాంట్రాక్టులో వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. 1993లో బదిలీ చేసిన హక్కుకి ఆ తలుపు 2028లో తెరుచుకుంటుంది. వర్క్ ఫర్ హైర్ అయితే ఆ తలుపు అసలు లేనే లేదు. ముప్ఫై ఏళ్లు దాటినా అమ్ముడవుతూనే ఉన్న ఆటలున్న రంగం ఇది, కాబట్టి ఆ తేడా చిన్నది కాదు.

మూడో దారి లైసెన్స్. పొలం రాసివ్వడం వేరు, కౌలుకివ్వడం వేరు కదా. లైసెన్స్ అంటే కౌలు. ఈ బొమ్మని ఈ ఆటలో, ఈ డబ్బా మీద, అయిదేళ్లపాటు, ఇన్ని కాపీలదాకా వాడుకోవచ్చని రాసుకుంటారు. ఆట బాగా ఆడి మొబైల్ యాప్ చేయాలనుకుంటే మళ్లీ వచ్చి మాట్లాడాలి. టీషర్టులేస్తే వేరే ధర. కౌలు గడువు తీరాక పొలం మళ్లీ ఆర్టిస్టుదే. గంపగుత్తగా అన్నీ తీసుకున్నా తప్పులేదు, కానీ దాని ధర కౌలు ధర కంటే ఎన్నో రెట్లు ఉండాలి. చాలా కాంట్రాక్టుల్లో ధర కౌలుది, కాగితం రిజిస్ట్రేషన్‌ది.

కూలి వైపు లెక్క ఎలా ఉంటుందో కూడా దగ్గరగా చూద్దాం. ఒక కార్డుకి బొమ్మ కావాలి. ఆర్ట్ డైరెక్టర్ నుంచి బ్రీఫ్ వస్తుంది: వానలో కూలిన వంతెన మీద ఒంటరిగా నిలబడ్డ యోధురాలు, కుడిచేతిలో విరిగిన ఈటె, వెనక మండుతున్న కోట. ఆర్టిస్టు ముందు రిఫరెన్సులు వెతుక్కోవాలి. ఈటె పట్టుకున్న చేతి కోణం కోసం తనే అద్దం ముందు చీపురుకర్ర పట్టుకుని ఫొటో తీసుకోవాలి. తర్వాత చిన్న చిన్న స్కెచ్‌లు మూడు నాలుగు. వాటిలో ఒకటి ఖాయమయ్యాక గీతల్లో పూర్తి చిత్రం, రంగుల నమూనా, ఆపైన అసలు పెయింటింగ్. అంతా పంపాక ఒక మెయిల్ వస్తుంది. కవచం ఎరుపు వద్దు, ఈ ఆటలో ఎరుపు శత్రువర్గం రంగు, నీలం చేయండి. కవచం రంగు మారితే దాని మీద పడే మంట వెలుగు మారుతుంది, వాన చినుకుల్లో మెరుపు మారుతుంది. సగం బొమ్మ మళ్లీ వేయాలి. ఫీజు 500 డాలర్లు, పని 40 గంటలు అనుకుందాం. గంటకి 12 డాలర్ల 50 సెంట్లు. రివిజన్లు ఇంకో 15 గంటలు తింటే గంటకి 9 డాలర్లు. ఇందులోంచే పన్ను, ట్యాబ్లెట్, సాఫ్ట్‌వేర్, ఆస్పత్రి ఖర్చు, పనిలేని వారాలు. ఆ మిగిలిన దాంట్లోనే 95 ఏళ్ల హక్కు ధర కూడా ఉందని కాంట్రాక్టు అంటోంది.

అలాగని రాయల్టీ ఇస్తే సమస్య తీరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. ఇక్కడ నేను ఆర్టిస్టుల పక్షమే అయినా ఈ మాట చెప్పక తప్పదు. 50 డాలర్ల ఆటలో పంపిణీదారు కమిషన్లన్నీ పోగా పబ్లిషర్‌కి 20 డాలర్లు ముట్టిందనుకోండి. అందులో ఒక శాతం 20 సెంట్లు. చిన్న పబ్లిషర్ 2000 కాపీలు వేసి అక్కడితో ఆపేస్తే ఆర్టిస్టుకి దక్కేది 400 డాలర్లు, అది కూడా ఏడాదో రెండేళ్లో ఆగాక. అదే ఆట లక్ష కాపీలు పోతే 20,000 డాలర్లు. ఆడని ఆటలే ఎక్కువ కాబట్టి కేవలం రాయల్టీ మీద బతకమంటే పబ్లిషర్ నష్టభయం తెచ్చి ఆర్టిస్టు నెత్తిన పెట్టినట్టే. పైగా ఒక్క ఆర్టిస్టే మొత్తం బొమ్మలన్నీ వేసే బోర్డ్ గేమ్ వేరు, వందలమంది తలో కార్డు వేసే కార్డ్ గేమ్ వేరు. మొదటిదాంట్లో ఆర్టిస్టు డిజైనర్‌కి సమానమైన భాగస్వామి, వాటా అడగడంలో న్యాయముంది. రెండోదాంట్లో ఒక్కొక్కరికి వాటా లెక్కగట్టడం కంటే పునర్ముద్రణ ఫీజు మేలు. మొదటి ఇన్ని వేల కాపీలకి ఈ ఫీజు, మళ్లీ ముద్రించిన ప్రతిసారీ ఇంత అని ముందే రాసుకుంటే చాలు. ఆడని ఆటకి పబ్లిషర్ నష్టపోడు, ఆడిన ఆటలో ఆర్టిస్టుకి ఏమీ దక్కకుండా పోదు.

ఇంకా చిన్నవిగా కనిపించే షరతులు కొన్నున్నాయి. ప్రాజెక్టు మధ్యలో ఆగిపోతే ఎంతిస్తారు. ఎన్ని రివిజన్ల తర్వాత అదనపు ఫీజు మొదలవుతుంది. డబ్బు ఎప్పుడిస్తారు. ఈ చివరిది అన్నిటికంటే ప్రమాదకరం. "ప్రచురణ అయ్యాక చెల్లిస్తాం" అన్న మాటకి ఒప్పుకుంటే, ముద్రించిన ఆటలు తెచ్చే ఓడ రావడం ఆలస్యమైనా, నిధుల సేకరణ వాయిదా పడినా వేచి ఉండేది ఆర్టిస్టే. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి, రాష్ట్రమంతటా 2024 నుంచి అమల్లో ఉన్న చట్టం దీనికి ఒక హద్దు గీసింది. 800 డాలర్లు, ఆపైన విలువున్న ఫ్రీలాన్స్ పనికి రాతపూర్వక కాంట్రాక్టు ఉండాలి, చెల్లింపు తేదీ రాయకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో డబ్బివ్వాలి.

యూరప్ ఇంకా ముందుకెళ్లింది. జర్మనీలో కాపీరైట్‌ని బతికుండగా వేరొకరికి రాసివ్వడమే కుదరదు, వాడుకునే హక్కు మాత్రమే ఇవ్వగలరు. పైగా అక్కడ ఒక నిబంధన ఉంది: ముందు ఒప్పుకున్న సొమ్ముకీ, తర్వాత ఆ కృతి మీద వచ్చిన లాభానికీ పొంతన లేనంత తేడా వస్తే, సృజనకారులు కాంట్రాక్టు సవరించమని అడగొచ్చు. 2019లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన కాపీరైట్ ఆదేశంలోనూ ఇదే ఆలోచన చోటు చేసుకుంది. ఆట ఇంత ఆడుతుందని సంతకం పెట్టేనాడు ఎవరికీ తెలియదు కాబట్టి, తెలిశాక మళ్లీ కూర్చుని మాట్లాడుకోవడం న్యాయమని చట్టమే ఒప్పుకుంది. నాకు వీటన్నిటిలోకీ నచ్చిన ఏర్పాటు ఇదే.

కాగితం మీద లేనివి కూడా ఆదాయంలో భాగమవుతాయి. 1993లో వచ్చిన మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డ్ గేమ్ మొదటి నుంచీ ప్రతి కార్డు మీదా ఆర్టిస్టు పేరు వేసింది. రంగులతో కాగితం మీదో కాన్వాసు మీదో వేసిన అసలు చిత్రం ఆర్టిస్టు దగ్గరే ఉంటుంది, దాన్ని అమ్ముకోవచ్చు. వెనకవైపు తెల్లగా వదిలేసిన ఆర్టిస్ట్ ప్రూఫ్ కార్డులు కొన్ని ఇస్తారు, వాటి మీద సంతకం చేసి, చిన్న బొమ్మ గీసి అభిమానులకి అమ్ముతారు. ఫీజు కంటే ఈ పక్క ఆదాయమే ఎక్కువైన వాళ్లున్నారు. కానీ కంప్యూటర్‌లో వేసేవాళ్లకి అమ్ముకోవడానికి అసలు చిత్రమంటూ ఉండదు. ఒకే ఫీజు, ఒకే కాంట్రాక్టు, అయినా వేసే పద్ధతిని బట్టి ఇద్దరి రాబడిలో అంత తేడా.

పాత కార్డులు చేతులు మారే మార్కెట్ సంగతి చెప్పాలంటే మ్యాజిక్‌లోని బ్లాక్ లోటస్ కార్డు దగ్గరికి రావాలి. క్రిస్టఫర్ రష్ వేసిన నల్ల తామర అది. 2021 జనవరిలో ఒక కార్డు వేలంలో 5,11,100 డాలర్లకి పోయింది. దాని ప్లాస్టిక్ కేసు మీద రష్ సంతకం ఉంది. ఆయన 2016లోనే చనిపోయారు. 2024లో అదే కార్డు ఇంకో ప్రతి 30 లక్షల డాలర్లు పలికింది. ముద్రించిన కార్డు మళ్లీ అమ్ముడైతే ఆర్టిస్టుకి వాటా ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పదు. యూరప్‌లో పునర్విక్రయ వాటా ఉన్న మాట నిజమే, కానీ అది అసలు చిత్రాలకే వర్తిస్తుంది.

మరి అందరూ కలిసి ఒక కనీస ధర పెట్టుకోవచ్చు కదా? అమెరికాలో ఇక్కడే దారి మూసుకుపోతుంది. సంఘం పెట్టుకుని యాజమాన్యంతో బేరమాడే హక్కుని కార్మిక చట్టం ఉద్యోగులకే ఇచ్చింది, ఫ్రీలాన్సర్లకి కాదు. ఫ్రీలాన్సర్ చట్టం దృష్టిలో ఒక చిన్న వ్యాపారం. చిన్న వ్యాపారాలన్నీ కూడబలుక్కుని ధర నిర్ణయిస్తే గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద నేరమయ్యే ప్రమాదముంది. బడా వ్యాపారులు జనాన్ని దోచుకోకుండా పెట్టిన చట్టం, గంటకి 9 డాలర్లు సంపాదించే చిత్రకారుల గొంతు నొక్కుతోంది. యూరోపియన్ కమిషన్ 2022 సెప్టెంబరులో దీన్ని సరిచేస్తూ, ఒంటరిగా పనిచేసుకునేవాళ్లు కలిసి బేరమాడితే కొన్ని పరిస్థితుల్లో పోటీ చట్టం అడ్డురాదని మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికాలో ఇంకో రకం దారి 2021 అక్టోబరులో కనిపించింది. పాత్‌ఫైండర్ ఆట తీసుకొచ్చే పైజో కంపెనీ ఉద్యోగులు యూనియన్ పెట్టారు. వాళ్లకి మద్దతుగా పదుల సంఖ్యలో ఫ్రీలాన్సర్లు పని ఆపేశారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ యూనియన్‌ని గుర్తించింది. చట్టం తమకి హక్కు ఇవ్వకపోయినా, పక్కవాళ్ల హక్కు కోసం చేయి కదపకుండా కూర్చునే స్వేచ్ఛ వాళ్లకుంది. దాన్ని వాడుకున్నారు.

ఇక ఏఐ. 2022లో బొమ్మలు తయారుచేసే మోడల్స్ జనంలోకి రాగానే, వాటికిచ్చే సూచనల్లో విపరీతంగా కనిపించిన పేరు గ్రెగ్ రుత్కోవ్‌స్కీ. పోలండ్‌కి చెందిన ఆయన మ్యాజిక్‌కీ, డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కీ బొమ్మలు వేసిన మనిషి. ఆయన శైలిలో కావాలంటూ వేలకివేలమంది ఆయన పేరు టైపు చేశారు. పేరు డబ్బా మీద వేయమని అడిగిన రంగంలో, ఆ పేరే మనిషిని పక్కకి నెట్టే పనిముట్టయింది. అమెరికాలో 2023 జనవరిలో కొందరు ఆర్టిస్టులు ఏఐ కంపెనీల మీద వేసిన దావాలో ఆయన తర్వాత చేరారు. 2024 ఆగస్టులో న్యాయమూర్తి అందులోని కాపీరైట్ వాదనలు ముందుకు సాగడానికి అనుమతించారు.

పబ్లిషర్లకి ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మనిషి సృజన లేకుండా యంత్రం మాత్రమే తయారుచేసిన బొమ్మకి కాపీరైట్ లేదని అమెరికా కాపీరైట్ కార్యాలయం చెబుతోంది, 2025 మార్చిలో అప్పీలు కోర్టు కూడా మనిషే కర్త అయి ఉండాలని తేల్చింది. ఆట పద్ధతికి ఎలాగూ రక్షణ లేదు. బొమ్మలకి కూడా లేకపోతే ఆ డబ్బాలో పబ్లిషర్ తనదని చెప్పుకోగలిగింది పేరూ, రూల్ బుక్ వాక్యాలూ మాత్రమే. ఆర్టిస్టుకి ఫీజు మిగుల్చుకోబోయి ఆస్తినే పోగొట్టుకున్నట్టు. ఆడేవాళ్లు కూడా ఊరుకోవడం లేదు. 2024 జనవరిలో మ్యాజిక్ కంపెనీ విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఒక ప్రచార చిత్రాన్ని మనుషులే చేశారని ముందు గట్టిగా చెప్పి, జనం లోపాలు ఎత్తిచూపాక, అందులో ఏఐ భాగాలు ఉన్నాయని కొద్ది రోజుల్లో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆర్టిస్టులు కాంట్రాక్టులో కొత్తగా అడగాల్సింది ఒక వాక్యం: ఈ బొమ్మని ఏ మోడల్‌కీ శిక్షణ కోసం వాడకూడదు, వాడనివ్వకూడదు. "ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో" అని పాత కాంట్రాక్టుల్లో రాసిచ్చినవాళ్లకి ఆ మాట అర్థం ఇప్పుడు తెలుస్తోంది.

ఇక మిగిలింది పేరు. పబ్లిషర్‌కి పైసా ఖర్చులేనిది ఇదొక్కటే, అయినా అమెరికాలో అడిగి రాయించుకుంటే తప్ప రాదు. అక్కడ దృశ్యకళాకారులకి పేరు చెప్పించుకోవడం లాంటి నైతిక హక్కులిచ్చిన 1990 నాటి చట్టం వర్క్ ఫర్ హైర్‌నీ, పుస్తకాల్లోనూ వస్తువుల మీదా వేసే బొమ్మల్నీ మినహాయించింది.

పమేలా కోల్‌మన్ స్మిత్ ఆ సంగతి ఎరిగిన మనిషే అనిపిస్తుంది. 1909లో ఆమె జోస్యం చెప్పడానికి వాడే ఒక టారో కార్డుల డెక్‌కి 78 కార్డులూ బొమ్మలు వేసింది. ఆ నవంబరులో న్యూయార్క్‌లోని ఒక గ్యాలరీ యజమానికి రాసిన ఉత్తరంలో, చాలా పెద్ద పని పూర్తిచేశాను, డబ్బు మాత్రం చాలా కొంచెం అని రాసుకుంది. ప్రపంచంలో అతి ఎక్కువగా వాడే టారో డెక్ అది. దాన్ని దశాబ్దాలపాటు రైడర్-వెయిట్ డెక్ అని పిలిచారు. రైడర్ ప్రచురించిన కంపెనీ, వెయిట్ ఎలా వేయాలో చెప్పినాయన. కానీ దాదాపు ఏ కార్డు తీసి చూసినా ఒక మూలన, గడ్డిపోచల మధ్యనో రాళ్ల పక్కనో, పాములా మెలికలు తిరిగిన చిన్న గుర్తు ఉంటుంది. అది ఆమె పొడి అక్షరాలు. ఎవరూ వేయరనేమో, తనే బొమ్మలో కలిపి వేసుకుంది. 1951లో అప్పులతో చనిపోయింది. డెక్‌కి వందేళ్లు నిండిన సందర్భంగా 2009లో వెలువడిన ముద్రణకి స్మిత్-వెయిట్ అని పేరు పెట్టారు.